కామెడీ వెబ్ సిరీస్ సొంతంగా తీస్తున్నారా? కెమెరా కొనేముందు తేల్చుకోవాల్సినవి

సొంత డబ్బుతోనో, నలుగురు స్నేహితులు కలిసో కామెడీ వెబ్ సిరీస్ తీద్దామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ కెమెరా తీసుకోమంటారు? దానికి జవాబు చెప్పడం తేలికే, కానీ ఆ జవాబుతో సిరీస్ నిలబడదు. నాకు తెలిసి మధ్యలో ఆగిపోయిన సిరీస్‌లు చాలావరకు రెండో ఎపిసోడ్ దగ్గరో మూడో ఎపిసోడ్ దగ్గరో ఆగాయి, వాటిలో ఒక్కటి కూడా కెమెరా బాలేక ఆగలేదు. నటుడికి ఉద్యోగం మారి డేట్లు కుదరలేదు, షూటింగ్‌కి ఇల్లు ఇచ్చినాయన ఇక వద్దన్నాడు, ఉచితంగా ఎడిట్ చేస్తున్న కుర్రాడు మూడు నెలలకు అలిసిపోయి ఫోన్ ఎత్తడం మానేశాడు. మా మొదటి సిరీస్‌కి కూడా ఇదే జరిగింది. 22 నిమిషాల ఎపిసోడ్లు ఆరు అనుకున్నాం, రెండు పూర్తయ్యాయి, సగం తీసిన మూడోది ఇప్పటికీ హార్డ్ డిస్క్‌లోనే ఉంది. అందులో ఇద్దరు నటులు చాలా బాగా చేశారు, వాళ్ల పని ఎవరూ చూడలేదన్న బాధ నాకు ఇంకా పోలేదు.

కాబట్టి ఈ పోలికంతా ఒక కొలత చుట్టూనే తిరుగుతుంది: ఆరో ఎపిసోడ్. మొదటి ఎపిసోడ్‌కి అందరూ వస్తారు, ఆరంభశూరత్వం అలాంటిది. ఆరో ఎపిసోడ్‌కి కూడా అదే మనుషులు, అదే గది, అదే ఓపిక మిగులుతాయా లేదా అన్నదాన్ని బట్టే మిగతావన్నీ ఎంచుకోండి.

దీనితో పాటు ఇంకో మూడు ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకోండి.

మీ సిరీస్‌లో నవ్వు ఎక్కడి నుంచి వస్తోంది? మాటల పంచ్ నుంచా, ఇరుక్కుపోయిన సందర్భం నుంచా, ఒక పాత్ర మొండితనం నుంచా, లేక అది చూస్తున్న ఇంకొకరి మొహం నుంచా? స్క్రిప్ట్ పద్ధతి, కెమెరా పద్ధతి రెండూ దీన్ని బట్టే మారతాయి.

దీన్నుంచి మీకేం కావాలి? రైటర్‌గా పని దొరకడానికి చూపించుకునే సాంపిల్ కావాలా, మీకంటూ ప్రేక్షకులు కావాలా, నెలనెలా ఆదాయం కావాలా, పెద్ద వేదికకు అమ్మాలా? నాలుగూ కావాలనిపించడం సహజమే గానీ ఒక్కోదానికి దారి వేరు, మొదటి సీజన్‌కి ఒకటే పెట్టుకోండి.

చివరికి సిరీస్ ఎవరి పేరున ఉంటుంది? ఈ ప్రశ్న మొదట్లో ఎవరికీ గుర్తురాదు. సిరీస్ కాస్త పేరు తెచ్చుకున్న రోజున అందరికీ గుర్తొస్తుంది.

## ఎంత నిడివి?

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే, తప్పు జరిగితే మిగతావన్నీ దెబ్బతినేదీ ఇక్కడే.

| | 1–3 నిమిషాలు, నిలువు ఫ్రేమ్ | 6–10 నిమిషాలు | 20–25 నిమిషాలు |
|---|---|---|---|
| కథ | ఒక సందర్భం, ఒక మలుపు | ఒక సమస్య, మూడు నాలుగు సీన్లు, ఒక ముగింపు | ప్రధాన కథ, పక్కన ఇంకో ట్రాక్ |
| చిన్న టీమ్‌కి షూటింగ్ | ఒక్క రోజులో రెండు మూడు ఎపిసోడ్లు | ఒకటి రెండు రోజులు | నాలుగైదు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ |
| నటులు | ఇద్దరు చాలు | ముగ్గురు నలుగురు | ఆరుగురికి పైనే, అందరి డేట్లూ కలవాలి |
| యూట్యూబ్‌లో | షార్ట్స్ కిందకు వెళ్తాయి | 8 నిమిషాలు దాటితే మధ్యలో యాడ్స్ పెట్టుకోవచ్చు | వాచ్ అవర్స్ త్వరగా పోగవుతాయి, చివరిదాకా చూస్తే |
| ఆరో ఎపిసోడ్ | దాదాపు ఖాయం | ప్లాన్ ఉంటే సాధ్యం | డబ్బులిచ్చి పిలిస్తేనే |

చిన్నవాటి బలం ఏంటంటే తప్పు చేసే స్వేచ్ఛ ఎక్కువ. ఒకటి పేలకపోతే వారం తిరిగేలోపు ఇంకోటి తీస్తారు, ఏ పాత్ర జనానికి నచ్చుతోందో త్వరగా తెలిసిపోతుంది. 2024 అక్టోబర్ నుంచి యూట్యూబ్ షార్ట్స్ నిడివి 3 నిమిషాల వరకు పెరిగింది కాబట్టి ఒక చిన్న సీన్‌ను ఊపిరి పీల్చుకునేంత తీరుబాటుగా తీయొచ్చు. ఇబ్బంది ఏంటంటే అది సిరీస్‌గా చేరదు. ఫీడ్‌లో వేలితో తోసుకుంటూ పోయేవాళ్లకు మీ మూడో భాగం ముందు కనిపించొచ్చు, మొదటి భాగం అసలు కనిపించకపోవచ్చు. అందుకని ప్రతి భాగం దానికదే అర్థమవ్వాలి, పాత్ర ఎవరో మొదటి ఐదు సెకన్లలో తెలియాలి. మెల్లగా రాజుకునే కామెడీ, అంటే మొదటి ఎపిసోడ్‌లో వేసిన చిన్న అబద్ధం నాలుగో ఎపిసోడ్‌లో పెళ్లిపీటల దాకా వచ్చే తరహా కథకు ఈ రూపం పనికిరాదు.

డబ్బు లెక్క కూడా ఇక్కడే చూసుకోండి. యూట్యూబ్‌లో యాడ్స్ ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లోకి రాదు. మామూలు వీడియోల మీద యాడ్స్ ఆదాయంలో 55 శాతం తీసినవాళ్లకు వస్తుంది, షార్ట్స్‌కి వచ్చేది వాళ్ల వాటాగా లెక్కగట్టిన దాంట్లో 45 శాతం. అంటే షార్ట్స్ పేరు తెస్తాయి, ఇంటి ఖర్చు వెళ్లదీయడానికి వాటిని నమ్ముకోకండి.

20 నిమిషాల పైవాటికి ఒక ఆకర్షణ ఉంది, ఒప్పుకుంటాను. చూడ్డానికి నిజమైన సిరీస్‌లా ఉంటుంది, పాత్రలకు జాగా దొరుకుతుంది. కానీ చిన్న టీమ్ ఒకే లొకేషన్‌లో రోజుకి ఐదు నుంచి ఏడు పేజీలు తీస్తే గొప్ప, పేజీకి దాదాపు నిమిషం వేసుకుంటే ఒక్క ఎపిసోడ్‌కే నాలుగైదు రోజులు. వారానికి ఒక్క రోజే కలవగలిగే బృందానికి అది దాదాపు నెల. ఆ నెలలో ఒకరు జుట్టు కత్తిరించుకున్నా కంటిన్యుటీ పోతుంది. పైగా మీ పేరు ఎప్పుడూ విననివాళ్లు 22 నిమిషాలు కేటాయించి కూర్చోవాలని అడుగుతున్నారు, మొదటి సీజన్‌లోనే. డబ్బిచ్చేవాళ్లు ముందే ఉంటే తప్ప నేనైతే మొదలుపెట్టను.

నా ఓటు 6–10 నిమిషాలకే. ఒక సమస్య మొదలై, ముదిరి, ఇంకో రూపంలో తేలేంత చోటు అందులో ఉంది. మధ్యలో యాడ్స్ కోసమని 6 నిమిషాల కథను 8 నిమిషాలకు సాగదీయడం మాత్రం వద్దు, ఆ సాగతీత మొదట తెలిసేది కామెడీలోనే. ఎపిసోడ్లన్నీ ఒకే నిడివిలో ఉండాలన్న నియమం కూడా లేదు. 2012లో విమియో అనే వీడియో సైట్‌లో మొదలైన ‘హై మెయింటెనెన్స్’ ఎపిసోడ్లు కథను బట్టి పొట్టిగానూ పొడుగ్గానూ ఉండేవి, అదే 2016లో అమెరికా టీవీ ఛానెల్ హెచ్‌బీఓకి వెళ్లింది. ఆ సిరీస్ కథను కట్టిన తీరు నుంచి ఇంకోటి కూడా నేర్చుకోవచ్చు: అన్ని ఎపిసోడ్లలో కనిపించేది ఒక్క పాత్ర, అతను వెళ్లే ఇల్లు, ఆ ఇంటి మనుషులు ప్రతిసారీ వేరు. చూసేవాళ్లకు అది కథనం. తీసేవాళ్లకు మాత్రం డేట్ల సమస్యకు పరిష్కారం, ఎందుకంటే ఒక నటుడు రాలేకపోతే ఆ ఎపిసోడ్ వాయిదా పడుతుంది గానీ సిరీస్ ఆగదు. ఇద్దరి మీదే నడిచే సిరీస్ అయితే దీనికి సరిగ్గా ఎదురు: ఆ ఇద్దరే రాసుకుని ఆ ఇద్దరే నటిస్తే ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. ఇలానా జ్లేజర్, యాబీ జేకబ్సన్ ‘బ్రాడ్ సిటీ’ని 2009లో ఇంటర్నెట్‌లో మొదలుపెట్టింది అలాగే, 2014లో అది టీవీకి వెళ్లింది. ఐదుగురు స్నేహితుల గుంపు కథ అంటే మాత్రం ఐదుగురికీ ఒకేరోజు ఖాళీ దొరకాలి, అందరికీ మొదట తట్టే ఐడియా అదే, తీయడానికి అన్నిటికంటే కష్టమైనదీ అదే.

## మాట మాటా రాసుకోవాలా, అక్కడికక్కడ అల్లాలా?

పూర్తిగా రాసుకున్న స్క్రిప్ట్‌తో షూటింగ్ త్వరగా అవుతుంది, ఎడిట్ ఇంకా త్వరగా అవుతుంది. ఏ షాట్ కావాలో ముందే తెలుస్తుంది, ఏ టేక్ దగ్గర ఆపాలో తెలుస్తుంది. మాటల మీద నడిచే కామెడీకి వేరే దారి లేదు, ఒక్క పదం అటూ ఇటూ అయితే పంచ్ తుస్సుమంటుంది. ఇక్కడ ఉండే ప్రమాదం ఏంటంటే రాసినవాళ్లకు కాగితం మీద నవ్వొచ్చింది కదా అని నటుడి నోటికి పట్టని వాక్యాన్ని పట్టుకుని ఇరవై టేకులు తీయడం.

సీన్‌లో ఏం జరగాలో మాత్రమే రాసుకుని మాటలు నటులకే వదిలేయడం రెండో పద్ధతి. అమెరికన్ టీవీ కామెడీ ‘కర్బ్ యువర్ ఎంథూజియాజమ్’ను ఏళ్ల తరబడి అలాగే తీశారు. అది చూసి మనమూ చేసేద్దాం అనిపిస్తుంది, కానీ వాళ్ల దగ్గర ప్రతి సీన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో కచ్చితంగా రాసి ఉంటుంది, నటులు ఆ పనిలో ఆరితేరినవాళ్లు. అల్లుతూ పోతే సహజత్వం వస్తుంది, ఎవరూ రాయలేని మాట ఒకటి దొర్లుతుంది, నిజమే. దానికి బదులుగా గంట ఫుటేజ్‌లోంచి మూడు నిమిషాలు ఏరుకోవాలి, ఒక టేక్‌లో అన్న మాట ఇంకో టేక్‌లో లేకపోవడంతో కట్స్ కలవవు, ఎడిటర్ మీద భారం మూడింతలు పడుతుంది. ఆ ఎడిటర్ ఉచితంగా చేస్తున్నాడా? అయితే ఆరో ఎపిసోడ్ గురించి మళ్లీ ఆలోచించండి.

మాకు కుదిరింది రెండూ కలిపిన పద్ధతి. పూర్తిగా రాస్తాం, షూటింగ్‌కి వారం ముందు నటులందరినీ కూర్చోబెట్టి గట్టిగా చదివిస్తాం, పక్కన స్క్రిప్ట్ తెలియనివాళ్లు ఇద్దరు వింటారు. వాళ్లు ఎక్కడ నవ్వారో గీత పెట్టుకుంటాం, నటులు తడబడి తమ మాటల్లో చెప్పినవి బాగుంటే అక్కడే మారుస్తాం, ఎవరూ నవ్వని పేజీ తీసేస్తాం. తర్వాత షూటింగ్‌లో రాసింది రాసినట్టు రెండు టేకులు, చివర ఒక టేక్ వాళ్ల ఇష్టం. మూడింటిలో ఏది వాడతామో ఎడిట్‌లో తేలుతుంది. పైసా ఖర్చు లేని ఆ రీడింగ్‌ను వదిలేసి కొత్త లెన్స్ అద్దెకు తెచ్చుకునే టీమ్‌ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

## ఒక కెమెరానా, రెండా, ఇంకో దారా?

ఒకే కెమెరా. లైటింగ్ తేలిక, ఫ్రేమ్ అందంగా కుదురుతుంది, మనుషులు తక్కువ చాలు. కానీ ఒకే సీన్‌ను మాస్టర్‌లో (అందరూ కనబడే వెడల్పు షాట్) ఒకసారి, సజెషన్‌లలో (ఒకరి భుజం మీదుగా ఎదుటివాళ్లను చూపే షాట్లు) రెండుసార్లు, క్లోజప్‌లలో రెండుసార్లు చేయాలి. ఐదోసారికి నటుడి నవ్వు ఎండిపోతుంది. అందుకని ఎవరి రియాక్షన్ మీద సీన్ పండుతుందో వాళ్ల క్లోజప్ ముందు తీసేయండి, మాస్టర్ తర్వాత తీసినా ఫరవాలేదు. సమయం అయిపోతోందని అందరూ వదిలేసేది వింటున్నవాళ్ల మొహాన్నే, ఎడిట్‌లో కూర్చున్నాక ఎక్కువగా వెతుక్కునేదీ దాన్నే.

రెండు కెమెరాలు. మాటల మీద మాట పడే సీన్లకు, అక్కడికక్కడ అల్లే నటులకు ఇది వరం, ఇద్దరి మొహాలూ ఒకే టేక్‌లో దొరికిపోతాయి కాబట్టి కట్స్ హాయిగా కలుస్తాయి. రెండు వైపులా ఒకేసారి లైటింగ్ బాగుండడం కష్టం, ఒక కెమెరా ఇంకోదానికి అడ్డొస్తుంది, ఫుటేజ్ రెండింతలు అవుతుంది. ఒకే రకం కెమెరాలు రెండు దొరికితేనే చేయండి, రంగులు కలపడానికే రోజులు పోతాయి. మూడు కెమెరాలు పెట్టి ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టి తీసే పద్ధతి 1951లో అమెరికన్ టీవీ కామెడీ ‘ఐ లవ్ లూసీ’తో స్థిరపడింది. దానికి సెట్ కావాలి, రిహార్సల్ రోజులు కావాలి, సొంతంగా తీసేవాళ్లకు అందే దారి కాదు.

డాక్యుమెంటరీ తరహా. పాత్రలు కెమెరాకు ఇంటర్వ్యూలు ఇస్తాయి, కెమెరా చేతిలో ఊగుతూ వాళ్ల వెంట పడుతుంది. ఖర్చు తక్కువ, లైటింగ్ లోపాలు కథలో భాగమైపోతాయి, ఎడిట్‌లో ఏ సీన్ అతకకపోయినా మధ్యలో ఒక ఇంటర్వ్యూ ముక్క పెట్టి దాటేయొచ్చు. షూటింగ్ అయిపోయాక కూడా ఇంటర్వ్యూలు కొత్తగా రాసి ఒక్క పూటలో తీసుకోవచ్చు, కథలో చిల్లులు పూడ్చడానికి ఇంతకంటే చవకైన మార్గం నాకు తెలియదు. ఒకే ఒక్క హెచ్చరిక: ఆ డాక్యుమెంటరీ ఎవరు తీస్తున్నారో, ఎందుకు తీస్తున్నారో మీకు తెలిసుండాలి. తెలియకపోతే నాలుగో ఎపిసోడ్ కల్లా ఇంటర్వ్యూలు ఊరికే జోకులు చెప్పే స్టూల్ అయిపోతాయి.

స్క్రీన్ మీదే నడిచే కథ. వీడియో కాల్, చాట్, వాయిస్ మెసేజ్‌లతో మొత్తం ఎపిసోడ్. నటులు వేర్వేరు ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇదే సరైనది. తీసేటప్పుడు నిజంగా కాల్ కలిపే ఉంచండి, అప్పుడే టైమింగ్ వస్తుంది, రికార్డింగ్ మాత్రం ఎవరి ఫోన్‌లో వాళ్లు విడిగా చేసుకోవాలి. ఎడిటింగ్ పని ఊహించినదానికంటే చాలా ఎక్కువ, తెర మీద కదిలే ప్రతి మెసేజ్‌నూ తయారు చేయాల్సిందే.

ఏది ఎంచుకున్నా, డబ్బులు మిగిలితే మైకులకు పెట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినబడకపోతే వెళ్లిపోతారు. కామెడీలో ఇది ఇంకా కీలకం. తెలుగు డైలాగ్‌లో క్రియ చివర పడుతుంది, పంచ్ కూడా చాలాసార్లు ఆ చివరి మాటలోనే ఉంటుంది, నటులు సరిగ్గా అక్కడే గొంతు దించేస్తారు. ఒక్కొక్కరికి ఒక కాలర్ మైక్, కుదిరితే పైన ఒక బూమ్ (పొడవాటి కర్రకు తగిలించి పట్టుకునే మైక్), సీన్ అయ్యాక అందరూ నిశ్శబ్దంగా నిలబడి ఆ గది శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేసుకోవడం, ఇంతే. తర్వాత డబ్బింగ్ చెప్పుకుందాంలే అనుకునేవాళ్లకు ఒక మాట: ఇద్దరు నటులు ఒకరి మాట మీద ఒకరు పడి తెచ్చిన టైమింగ్ స్టూడియోలో విడివిడిగా నిలబడి చెబితే తిరిగి రాదు. పైగా ప్రతి ఎపిసోడ్‌కీ అందరినీ రెండోసారి పిలవాలి. వీధిలో, రద్దీలో తీసిన సీన్ ఒకటీ అరా అయితే సరే.

## ఎవరి డబ్బు?

సొంత డబ్బు. పూర్తి స్వేచ్ఛ, పూర్తి హక్కు. చేతి చమురు వదిలేదీ మనకే. మొత్తం సీజన్‌కి సరిపడా లెక్క వేసుకుని, అందులో ఒక్క ఎపిసోడ్‌కి వచ్చేదాంట్లో మొదటిది తీయగలమా అని చూసుకోండి. మొదటి ఎపిసోడ్ మీద మూడొంతులు పెట్టేసి, మిగతావి దాన్ని చూపించి తెచ్చే డబ్బుతో తీద్దామనుకోవడమే ఎక్కువ సిరీస్‌లను ముంచింది. భోజనం, రానుపోను ఖర్చులు మాత్రం ఎంత చిన్న సిరీస్ అయినా ఇవ్వాల్సిందే. పారితోషికం లేకుండా వచ్చేవాళ్లు మళ్లీ వస్తారా లేదా అన్నది చాలావరకు ఆ రోజు వాళ్లను ఎలా చూసుకున్నారన్నదాని మీదే ఉంటుంది.

చూసేవాళ్ల డబ్బు. ఇది పనిచేస్తుంది, కానీ వరుస ముఖ్యం. అమెరికన్ నటి ఫెలీషియా డే 2007లో ‘ద గిల్డ్’ అనే వెబ్ సిరీస్‌ను మొదలుపెట్టినప్పుడు మొదటి కొన్ని ఎపిసోడ్లు సొంత ఖర్చుతో తీశారు, అవి నచ్చినవాళ్లు పేపాల్‌లో పంపిన విరాళాలతో ఆ సీజన్ పూర్తి చేశారు. ఈసా రే 2011లో ‘ఆక్వర్డ్ బ్లాక్ గర్ల్’ ఎపిసోడ్లు కొన్ని యూట్యూబ్‌లో పెట్టాకే జనం నుంచి విరాళాలు సేకరించే సైట్ కిక్‌స్టార్టర్‌కి వెళ్లారు, 56 వేల డాలర్లకు పైగా వచ్చాయి. ఇద్దరి విషయంలోనూ చూపించడం ముందు, అడగడం తర్వాత. ఏమీ తీయకుండా పోస్టర్ పెట్టి అడిగితే ఇచ్చేది బంధువులు, స్నేహితులే, వాళ్లను అడిగేది ఒక్కసారే. కిక్‌స్టార్టర్‌లో పెట్టుకున్న లక్ష్యం చేరకపోతే ఒక్క రూపాయి కూడా చేతికి రాదు, చేరితే 5 శాతం వాళ్లకు, పేమెంట్ చార్జీలు అదనం. ప్రాజెక్ట్ పెట్టే అవకాశం అన్ని దేశాలవాళ్లకూ ఉండదు కాబట్టి అది ముందే చూసుకోండి. పేట్రియాన్ తరహా నెలవారీ సాయం కూడా ఉంది గానీ, అక్కడ నెలనెలా ఏదో ఒకటి ఇస్తూ ఉండాలి. ఏడాదికి ఒక సీజన్ తీసేవాళ్లకు ఆ పద్ధతి నప్పదు, చిన్న నిడివి స్కిట్లు ఆపకుండా తీసేవాళ్లకు బాగా నప్పుతుంది.

బ్రాండ్ డబ్బు. ఎపిసోడ్ ముందు ఒక ప్రకటన చదవడం ఒకటి, కథలో వస్తువును దూర్చడం ఒకటి. మొదటిది చూసేవాళ్లు భరిస్తారు. రెండోది బాగా రాస్తే పేలుతుంది, కానీ ఒప్పందంలో స్క్రిప్ట్ ఆమోదం ఎవరిదో చూడండి. వస్తువు మీద జోకు వేయకూడదు, ఫలానా పాత్ర తిట్టకూడదు అంటూ మొదలైతే అది మీ సిరీస్‌లో మిగిలే నవ్వు మీదే పడుతుంది. ఒక కంపెనీ మాకు రెండు ఎపిసోడ్లకు ఒప్పుకుని, మొదటిది ఎడిట్ అయ్యాక మార్పుల మీద మార్పులు అడిగింది. ఎన్నిసార్లు మార్చాలన్నది కాగితం మీద లేదు. ఇప్పుడు రెండుసార్ల కంటే ఎక్కువ మార్పులకు విడిగా రుసుము అని రాయించుకుంటాం.

నిర్మాణ సంస్థ లేదా ప్లాట్‌ఫామ్ డబ్బు. ఆరో ఎపిసోడ్ తప్పకుండా వస్తుంది, నటులకు పారితోషికం వస్తుంది, రాత్రి నిద్ర పడుతుంది. దానికి బదులుగా ఇచ్చేది హక్కులు. మొదటిసారి తీసేవాళ్లు ఆ సంతోషంలో సంతకం పెట్టేస్తారు, తర్వాత రెండో సీజన్ వాళ్లు తీయరు, మిమ్మల్ని తీసుకోనివ్వరు. కనీసం రెండు వాక్యాలు అడగండి: ఇన్ని నెలల్లో రెండో సీజన్ మొదలుపెట్టకపోతే హక్కులు తిరిగి మాకు రావాలి, పాత్రలతో వచ్చే ఏ రూపంలోనైనా సృష్టికర్తగా మా పేరు ఉండాలి. ఇవ్వకపోవచ్చు, అడగడం మాత్రం మానకండి. ఫెలీషియా డే రెండో సీజన్‌కి మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడు సిరీస్ హక్కులు తన దగ్గరే ఉంచుకున్నారు. అప్పటికే చూసేవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ మాట అడిగే బలం ఉంది.

## కాగితాల గురించి కొంచెం

స్నేహితుల మధ్య సంతకాలేంటి అనిపిస్తుంది. ప్రతి నటుడి నుంచి అనుమతి పత్రం, లొకేషన్ యజమాని నుంచి ఒక పేజీ, రాసినవాళ్లంతా కథ హక్కులు ఎవరి పేరున పెడుతున్నారో చెప్పే ఒప్పందం, ఈ మూడూ షూటింగ్ మొదటి రోజే తీసుకోండి. రేపు ఎవరైనా కొనడానికి వస్తే ముందు అడిగేది ఇవే, అప్పటికి ఒకరితో మాటలు లేకపోతే సిరీస్ మొత్తం ఇరుక్కుంటుంది. సినిమా పాట పది సెకన్లే కదా అని వాడకండి, వేరేవాళ్ల పాటలను గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ పట్టేస్తే ఆ ఎపిసోడ్ యాడ్స్ ఆదాయం పాట హక్కుదారుకు వెళ్లొచ్చు, వీడియోనే కనబడకుండా పోవచ్చు.

## వారానికి ఒకటా, అన్నీ ఒకేసారా?

కొత్తవాళ్లకు వారానికి ఒకటే మంచిది, నోటిమాట పాకడానికి సమయం ఉంటుంది. షరతు ఒక్కటే, కనీసం నాలుగు ఎపిసోడ్లు పూర్తిగా సిద్ధమయ్యాకే మొదటిది విడుదల చేయండి. పని కోసం సాంపిల్‌గా చూపించడానికి తీసినవాళ్లకు ఒకేసారి పెట్టేయడం తేలిక, లింక్ పంపితే అంతా అక్కడే ఉంటుంది.

సబ్‌టైటిల్స్ వేస్తే ఒక జాగ్రత్త. తెలుగులో చివర వచ్చే మాట ఇంగ్లీషు అనువాదంలో ముందుకొచ్చేస్తుంది, నటుడు నోరు తెరిచేలోపే చదివేవాళ్లకు పంచ్ తెలిసిపోతుంది. పంచ్ ఉన్న ముక్కను విడగొట్టి వేరే లైన్‌గా, అది పలికే క్షణానికే కనబడేలా పెట్టండి. పని ఎక్కువే, కానీ భాష రానివాళ్లు కూడా సరైన చోట నవ్వడం చూసినప్పుడు ఆ శ్రమ గుర్తుండదు.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఒక్కరే ఉన్నారు, రాయడమూ నటించడమూ మీరే: 1–3 నిమిషాలు, ఒకటే పాత్ర, ఇరవై ఎపిసోడ్లు. వాటిలో జనం పట్టుకున్న పాత్రతో తర్వాత పెద్దది తీయండి.

నలుగురు నటులు, అందరికీ ఉద్యోగాలు: 6–8 నిమిషాలు, డాక్యుమెంటరీ తరహా, ఒకే లొకేషన్. ప్రతి సీన్‌లో ఇద్దరే ఉండేలా రాసుకోండి, నలుగురూ కలిసే సీన్లన్నీ ఒక్క రోజులో తీసేయండి. ఆ రోజు తేదీ ముందు ఖాయం చేసుకుని తర్వాత స్క్రిప్ట్ రాయడం మొదలుపెట్టినా తప్పు లేదు.

రైటర్‌గా అవకాశం వెతుకుతున్నవాళ్లు: ఎనిమిది నిమిషాల లోపు మూడు ఎపిసోడ్లు, పూర్తిగా రాసినవి, బాగా చేయగల నటులతో. ఆరు తీయాల్సిన అవసరం మీకు లేదు, మిగతా మూడింటి స్క్రిప్ట్ చేతిలో ఉంటే చాలు.

చేతిలో కాస్త డబ్బుంది, అమ్మాలన్న ఆలోచన ఉంది: అప్పుడు కూడా 20 నిమిషాల ఎపిసోడ్ ఒకటి తీయడం కంటే పదేసి నిమిషాలవి నాలుగు తీయమంటాను. కొనేవాళ్లు మొదటి ఎపిసోడ్ చూసి బాగుందంటారు, తర్వాత అడిగేది ఈ పాత్రలు ఎంత దూరం నడుస్తాయి అని. నాలుగో ఎపిసోడ్‌లో అదే పాత్ర కొత్త చిక్కులో పడి మళ్లీ నవ్విస్తే ఆ ప్రశ్నకు జవాబు వాళ్ల కళ్ల ముందే ఉంటుంది.

వీళ్లలో ఎవరైనా సరే, ఈ వారం చేయాల్సింది మూడు ఎపిసోడ్లు రాసి, నటులను ఒక గదిలో కూర్చోబెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చదివించడం. ఎనిమిది నిమిషాలనుకున్నది పదమూడు వస్తుంది, ఏ పేజీలు పోవాలో ఆ గదిలోనే తెలుస్తుంది. రెండోసారి చదవడానికి తేదీ అడిగినప్పుడు ఎవరు వెంటనే ఖాయం చేశారో, ఎవరు చూద్దాంలే అన్నారో కూడా రాసుకోండి.